నడకలో పాట, దారిలో చెవి

పాఠం 14

14.1 పరిచయం

మీలో చాలామంది పగలంతా పని చేసుకుని, సాయంత్రమో తెల్లవారుజామునో ఈ పుస్తకం తెరుస్తారు. సంతకు, చేనుకు, అధ్యయన కేంద్రానికి కాలినడకన పోయేవారూ మీలో ఉన్నారు. గంటసేపు నడవాలంటే విసుగు. జేబులో ఫోను ఉంటుంది, అందులో పాటలు ఉంటాయి, చెవిలో పెట్టుకోవడానికి తీగ ఉంటుంది. పాట మొదలవుతుంది, దారి తరుగుతుంది.

ఈ అలవాటు మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడానికి ఈ పాఠం రాయలేదు. నడిచేటప్పుడు మన చెవి చేసే పని ఒకటుంది. ఆ పని సంగతి మనకు తెలియదు, ఎందుకంటే అది మనం అడగకుండానే జరిగిపోతుంటుంది. పాట ఆ పనికి ఎప్పుడు అడ్డం వస్తుందో, ఎప్పుడు రాదో ఈ పాఠంలో చూద్దాం.

ఈ పాఠం చదివిన తరువాత మీరు
– రెండు చెవులూ తెరిచి ఉండటం ఎందుకు అవసరమో వివరించగలుగుతారు;
– ఏ దారిలో పాట వినవచ్చో, ఏ దారిలో ఆపాలో నిర్ణయించుకోగలుగుతారు;
– మీ చెవి ఎంత శబ్దాన్ని, ఎంతసేపు భరించగలదో లెక్క కట్టగలుగుతారు.

14.2 ఇప్పచెట్టు దారిలో

కింది సంభాషణ చదవండి. ఇది పాఠం కోసం రాసిన సంభాషణే. కానీ ఇందులోని దారి నిజమైనదే. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ నుంచి ఆవపల్లి మీదుగా వెళితే ఉసూర్ వస్తుంది. ఒకప్పుడు ఈ ప్రాంతం పాత బస్తర్ జిల్లాలో ఉండేది. 2007 నుంచి బీజాపూర్ జిల్లాలో ఉంది. దక్షిణాన గుట్టలు దాటితే తెలంగాణలోని వెంకటాపురం, చర్ల. అందుకే ఇక్కడి పల్లెల్లో గోండి, దోర్లి, హిందీలతోపాటు తెలుగు మాటా వినిపిస్తుంది.

మార్చి నెలాఖరు. ఇప్పపూలు రాలే కాలం. పూలు రాత్రి చివరి జాము నుంచి రాలడం మొదలవుతాయి కనుక ఏరేవారు చీకటి ఉండగానే బయలుదేరతారు. ఒక పెద్దమ్మ, ఆమె చెల్లెలి కొడుకు గంపలు పట్టుకుని నడుస్తున్నారు.

పెద్దమ్మ: ఏందిరా, ఇందాకటి నుంచి పిలుస్తున్నా, పలకవేం?

కుర్రవాడు: (చెవిలోంచి తీగ లాగి) పాట వింటున్నా పెద్దమ్మా. ఏమన్నావు?

పెద్దమ్మ: ఆ పుట్ట దిక్కు ఏదో చప్పుడైంది. ఆగమన్నా. నువ్వు ఆగకపోతివి.

కుర్రవాడు: నాకేం వినపడలేదే!

పెద్దమ్మ: నీకు పాట వినపడుతుంది. నువ్వు మాత్రం ఎవరికీ వినపడవు. ఎలుగు పుట్ట తవ్వుకుంటుంటే తల ఎత్తదు. దాని మీదికి పోయేదాకా నీకూ తెలవదు, దానికీ తెలవదు.

కుర్రవాడు: బ్యాటరీ లైటు ఉందిగా.

పెద్దమ్మ: లైటు ముందున్నది చూపుతుంది. పక్క పొదలో ఉన్నది చూపుతుందా? మీ తాత గంప మోసుకుంటూ గట్టిగా పాడేటోడు. గొంతు బాగుండి కాదురా!

కుర్రవాడు: అయితే పాటలు వినొద్దంటావా?

పెద్దమ్మ: వినొద్దని ఎవరన్నారు? ఆ తీగ పీకేసి బయటికి మోగించు. నేనూ వింటా.

పెద్దమ్మ చదువుకోలేదు కానీ, ఆమె చెప్పినదంతా జంతుశాస్త్రం ఒప్పుకునేదే. ఎలుగుబంటికి ఇప్పపూలంటే ఇష్టం. చెదపురుగులంటే ఇంకా ఇష్టం. పుట్టను గోళ్లతో తవ్వి, మూతి లోపలికి పెట్టి, దుమ్ము ఊది, పురుగులను పీల్చుకుంటుంది. ఆ పీల్పు చప్పుడు వంద మీటర్ల దూరం దాకా వినిపిస్తుంది. తెరిచిన చెవి ఉన్న మనిషికి అది చాలినంత హెచ్చరిక. తన చప్పుడులో తాను మునిగిన ఎలుగుకు మాత్రం మనిషి అడుగుల సవ్వడి వినిపించదు. దాని చూపు కూడా అంత చురుకైనది కాదు. మనిషి హఠాత్తుగా దగ్గరకు వచ్చేసరికి బెదిరి మీద పడుతుంది. ముఖం మీద, తల మీద గాయాలు చేస్తుంది. ఎలుగు దాడుల్లో ఎక్కువ భాగం ఇలా ఎదురెదురుగా పడ్డప్పుడు జరిగేవే. అడవిలో గుంపుగా, మాట్లాడుకుంటూ, చప్పుడు చేస్తూ నడవమని అటవీశాఖవారు చెప్పేది ఇందుకే.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. తాత పాడిన పాట, కుర్రవాడు విన్న పాట ఒకటే అయినా అనుకుందాం. తాత పాట అడవికంతా వినిపించింది, ఆయన చెవులు తెరిచే ఉన్నాయి. కుర్రవాడి పాట అతనికి తప్ప ఎవరికీ వినిపించలేదు, అతని చెవులు మూసుకున్నాయి. ఒకే పాట, రెండు దారులు.

పాఠగత ప్రశ్నలు 14.1
1. ఎలుగుబంటి ఉనికిని మనిషి ముందుగా ఎలా తెలుసుకోవచ్చు?
2. "గొంతు బాగుండి కాదురా" అన్న మాటలో పెద్దమ్మ ఉద్దేశం ఏమిటి?

14.3 నడకతో మోగే వేణువు

నడిచేవాడి చేతిలో పాట ఉండటం కొత్త సంగతి కాదు. బస్తర్‌లో, ముఖ్యంగా నారాయణపూర్ ప్రాంతంలో, ఒక వెదురు వేణువు ఉంది. దాన్ని సులూర్ అంటారు. బస్తర్ బాంసురీ అని కూడా పేరు. దీన్ని నోటితో ఊదరు. గొట్టాన్ని చేత్తో పట్టుకుని గాలిలో ఊపితే చాలు, గాలి లోపలికి చొరబడి ఈల వేస్తుంది. ఊపే వేగం మారితే ధ్వని మారుతుంది. గొట్టం మీద కాల్చిన ఇనుపకడ్డీతో గీతలు, బొమ్మలు దిద్దుతారు. ఈ వేణువులు తయారుచేసే నారాయణపూర్ కళాకారుడు పండి రామ్ మండావికి 2025లో పద్మశ్రీ ప్రకటించారు.

అడవిలో నడిచేటప్పుడు, పశువులు కాసేటప్పుడు దీన్ని ఊపుకుంటూ పోతారని, ఆ ధ్వనికి జంతువులు దూరంగా తొలగుతాయని అక్కడివారు చెబుతారు. ఈ వేణువు పట్టణాల్లో ఇప్పుడు అలంకార వస్తువుగా అమ్ముడవుతోంది. గోడకు వేలాడదీస్తే అది మోగదు. మోగాలంటే మనిషి కదలాలి. నడకకు, పాటకు ఇంతకంటే దగ్గరి చుట్టరికం నాకు తెలిసిన మరే వస్తువులోనూ కనిపించలేదు.

14.4 టేపు నుంచి ఫోను దాకా

జపానుకు చెందిన సోనీ కంపెనీ 1979 జూలై 1న వాక్‌మన్‌ను అమ్మకానికి పెట్టింది. అరచేతిలో ఇమిడే ఆ పెట్టెలో క్యాసెట్ పెట్టి, తల మీదుగా తొడిగే హెడ్‌ఫోన్లతో పాట వినేవారు. రికార్డు చేసే వీలు లేదు, బయటకు మోగే స్పీకరు లేదు. వినడం ఒక్కటే దాని పని. అంతకుముందు భుజాన ట్రాన్సిస్టర్ వేసుకుని పొలం గట్టున నడిచే రైతు పాట ఊరందరికీ వినిపించేది. ఇక మీదట ప్రతివాడి పాటా వాడిదే.

ఆ మొదటి వాక్‌మన్‌లో ఒక విశేషం ఉండేది. హెడ్‌ఫోన్లు పెట్టుకోవడానికి రెండు రంధ్రాలు ఉండేవి, ఇద్దరు కలిసి వినవచ్చు. పక్కన నారింజ రంగు మీట ఒకటి ఉండేది. దాన్ని నొక్కితే పాట తగ్గి, పెట్టెలోని మైకు ద్వారా బయటి మాట చెవికి చేరేది. ఒక్కడే చెవులు మూసుకుని కూర్చోవడం మర్యాద కాదేమోనని కంపెనీ అధినేత అకియో మోరితా సంకోచించాడట. తరువాతి నమూనాల్లో ఆ మీట పోయింది. ఎవరూ పెద్దగా వాడలేదు మరి! ఇప్పుడు ఖరీదైన ఇయర్‌ఫోన్లలో బయటి శబ్దాన్ని లోపలికి పంపే ఏర్పాటును కొత్త సదుపాయంగా ప్రకటిస్తున్నారు. అది 1979 నాటి మీటే, వేషం మార్చుకుని వచ్చింది.

క్యాసెట్ తరువాత సీడీ, 2001లో యాపిల్ కంపెనీ ఐపాడ్, ఆ తరువాత ఫోను. 2022లో ఐపాడ్ తయారీ నిలిచిపోయింది. పాట వినడానికి వేరే యంత్రం అవసరం లేకుండా ఫోనే ఆ పనిని మింగేసింది. ఇంటర్నెట్ సరిగా అందని పల్లెల్లో చిన్న మెమరీ కార్డు పుణ్యమా అని పాట నడిచింది. సంతలో దుకాణదారుకు కొంత డబ్బిచ్చి కార్డు నిండా పాటలు వేయించుకోవడం మీలో కొందరికి అనుభవమే.

బస్తర్‌కు సంబంధించి మరొక మాట చెప్పాలి. జర్నలిస్టు శుభ్రాంశు చౌదరి 2010లో సీజీనెట్ స్వర అనే ఏర్పాటు మొదలుపెట్టారు. ఎవరైనా ఫోను చేసి తమ భాషలో తమ ఊరి సంగతి చెప్పవచ్చు, ఇతరులు ఫోనులోనే వినవచ్చు. దీన్నుంచే బుల్టూ రేడియో పుట్టింది. బ్లూటూత్ అన్న మాట జనం నోట్లో బుల్టూ అయింది. గోండి వంటి భాషల కార్యక్రమాలు ఇంటర్నెట్ లేకుండానే బ్లూటూత్ ద్వారా ఒక ఫోను నుంచి మరో ఫోనుకు చేరేవి. చదవడం రాయడం రానివారికి కూడా తమ మాట జేబులో పెట్టుకుని తిరిగే వీలు కలిగింది. కనుక జేబులోని ఈ యంత్రాన్ని కేవలం కాలక్షేపపు వస్తువని కొట్టిపారేయకండి. మీ పాఠాలు కూడా దాంట్లో వినవచ్చు.

14.5 రెండు చెవులు ఎందుకు?

కృత్యం: కళ్లు మూసుకుని కూర్చోండి. ఇంట్లోవారిని మీ చుట్టూ వేర్వేరు చోట్ల నిలబడి చిటికె వేయమనండి. చిటికె ఏ దిక్కున వినిపించిందో వేలితో చూపండి. ఇప్పుడు ఒక చెవిని వేలితో గట్టిగా మూసి మళ్లీ చేయండి. ఎన్నిసార్లు తప్పారు?

ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. కుడివైపు నుంచి వచ్చే శబ్దం కుడిచెవిని ముందు, ఎడమచెవిని తరువాత తాకుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. అయినా మెదడు దాన్ని పట్టుకుంటుంది. రెండు చెవులకు చేరే శబ్దంలోని హెచ్చుతగ్గులను కూడా పోల్చి, శబ్దం ఫలానా దిక్కున ఉందని మనకు చెబుతుంది. కన్ను ముందున్నదే చూస్తుంది. వెనుక ఏముందో చెప్పేది చెవే. నిద్రలో కూడా అది తలుపు మూయదు.

చెవిలో పాట పెట్టుకున్నప్పుడు రెండు విధాల నష్టం కలుగుతుంది. మొదటిది సులభంగా అర్థమయ్యేదే. డప్పు మోగుతుంటే పక్కవాడి మాట వినపడనట్లు, పెద్ద శబ్దం చిన్న శబ్దాన్ని కప్పేస్తుంది. రెండవది అంత సులభంగా కనిపించదు. పాట చిన్నగానే మోగుతున్నా మనసు దానిలో లగ్నమైతే, చెవిని తాకిన శబ్దం కూడా మెదడుకు ఎక్కదు. బయటి శబ్దాన్ని తగ్గించే ఇయర్‌ఫోన్లలో అయితే ఇక చెప్పనే అక్కరలేదు.

ఒక చెవిలోనే పెట్టుకుంటాను, రెండోది తెరిచే ఉంటుంది అని కొందరంటారు. రెండూ మూయడం కంటే అది నయమే. అయితే కృత్యంలో చూశారు కదా! శబ్దం వినిపిస్తుంది, దిక్కు తెలియదు. హారన్ విని తప్పు వైపుకు జరిగితే ఫలితం ఏమిటో ఊహించండి.

14.6 రోడ్డు, రైలుపట్టాలు

అడవి దాటి రోడ్డెక్కుదాం. రెండు వరుసల రోడ్డు వెడల్పు సుమారు 7 మీటర్లు. మామూలు నడకలో మనం సెకనుకు 1.4 మీటర్లు నడుస్తాం. అంటే దాటడానికి 5 సెకన్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఆ 5 సెకన్లలో 83 మీటర్లు వస్తుంది. కనుక మీరు అడుగు వేసేనాటికి లారీ చప్పుడు 80 మీటర్ల అవతల ఉండగానే మీ చెవిన పడాలి. మలుపు దగ్గర కన్ను అంత దూరం చూడలేదు.

ఉసూర్ పరిసరాల్లో రైలుపట్టాలు లేవు. కానీ పనికో చదువుకో కొత్తగూడెం, వరంగల్, హైదరాబాద్ వెళ్లినవారు వాటి పక్కన నడవకా తప్పదు. పట్టాల మీద నడవడం, అనుమతి లేని చోట దాటడం రైల్వే చట్టం ప్రకారం నేరం. చెవి మూసుకుని ఆ పని చేస్తే చట్టం దాకా పోయే అవకాశం కూడా మిగలకపోవచ్చు.

అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004 నుంచి 2011 వరకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న పాదచారులకు జరిగిన 116 ప్రమాదాలను పరిశీలించి 2012లో ప్రకటించారు. వాటిలో నూటికి 70 ప్రాణాంతకమైనవి. సగానికి పైగా, అంటే నూటికి 55, రైలు ఢీకొన్నవి. నూటికి 29 ప్రమాదాల్లో హారన్ వంటి హెచ్చరిక మోగినట్లు వార్తల్లో ఉంది. మొదటి రెండేళ్లలో 16 ప్రమాదాలు ఉంటే చివరి రెండేళ్లలో 47 ఉన్నాయి. ఈ అంకెలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. వీటిని ప్రధానంగా వార్తల నుంచి సేకరించారు. ప్రతి ప్రమాదానికీ హెడ్‌ఫోనే కారణమని ఇవి నిరూపించవు. అయితే హారన్ మోగినా తొలగని మనిషి గురించి ఆలోచించడానికి ఈ అంకెలు చాలు.

పాఠగత ప్రశ్నలు 14.2
1. ఒక్క చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే దేన్ని కోల్పోతాం?
2. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం 5 సెకన్లలో ఎంత దూరం వస్తుంది?

14.7 పాట వల్ల మేలు లేదా?

ఉంది. 1911లో లియోనార్డ్ ఏయర్స్ అనే అమెరికన్ న్యూయార్క్‌లో జరిగిన ఆరు రోజుల సైకిల్ పందెం గురించి రాస్తూ, బ్యాండు వాయిస్తున్నప్పుడు పందెగాళ్లు ఎక్కువ వేగంగా తొక్కారని గుర్తించాడు. నాట్లు వేసేవారు, తిరగలి విసిరేవారు, దంపుళ్లు దంచేవారు ఈ సంగతి అంతకు ఎంతో ముందే కనిపెట్టారు. వారు పత్రికలకు రాయలేదు, అంతే.

పాటలోని దెబ్బ అడుగుకు తోడు వస్తుంది. నిమిషానికి 100 అడుగులు వేస్తే దాన్ని చురుకైన నడక అనవచ్చు. అదే లయ ఉన్న పాట దొరికితే అడుగు తడబడదు, అలసట తక్కువగా తోస్తుంది. మామూలు వ్యాయామంలో ఈ మేలు బాగా కనిపిస్తుంది. ఒళ్లు విరిచే కష్టంలో మాత్రం శరీరం పెట్టే కేక ముందు పాట నిలవదు. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఇలాంటి చురుకైన నడక వంటిది చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పాట వల్ల ఆ నడక సాగుతుందంటే సంతోషమే. అందుకు తగిన చోటు చూసుకోవాలి: బడి మైదానం, వాహనాలు రాని గట్టు, ఇంటి వాకిలి. దండీలు, బస్కీలు తీసేటప్పుడు రెండు చెవుల్లో పాట పెట్టుకున్నా ఎవరికీ ఇబ్బంది లేదు.

14.8 చెవికి లెక్క

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కర్ణావర్తం ఉంటుంది. దానిలో ఉండే సన్నని రోమ కణాలు శబ్దాన్ని గ్రహించి నాడికి అందిస్తాయి. ఎక్కువ శబ్దానికి ఇవి దెబ్బతింటాయి. మనిషిలో చచ్చిన రోమ కణం మళ్లీ మొలవదు. మొదట చెవిలో గుయ్యిమనే మోత, తరువాత సన్నని శబ్దాలు వినపడకపోవడం. అప్పుడు తీగ తీసేసినా పుట్ట దగ్గరి చప్పుడు వినపడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఇది. పెద్దవారు 80 డెసిబెల్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. శబ్దం 3 డెసిబెల్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి తగ్గుతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10 గంటలు. పిల్లలకు మొదటి హద్దే 75 డెసిబెల్. డెసిబెల్ కొలిచే సాధనం మన దగ్గర ఉండదు కనుక, ఫోను ఇవ్వగల గరిష్ఠ శబ్దంలో నూటికి 60 దాటనీయకండి. ఇంకో గుర్తు కూడా ఉంది. చేతి దూరంలో నిలబడి మామూలుగా మాట్లాడేవారి మాట పాటలోంచి వినపడాలి. లేకపోతే ఎక్కువైందన్నమాట.

రోడ్డు పక్క నడిచేవారు తెలియకుండానే శబ్దం పెంచుతారు. లారీల మోత పాటను మింగుతుంది, వేలు మీట మీదికి పోతుంది. అంటే చెవి తెరిచి ఉండాల్సిన చోటే దాన్ని మరింత గట్టిగా మూస్తున్నాం. అడవి దారిలో ఫోను బయటికి మోగించుకోవడం మేలు. ఇప్పపూల కాలంలో, ఆ తరువాత తునికాకు కోతల్లో తెల్లవారుజామున వెళ్లేవారు చెవుల్లోంచి తీగ తీసి గంపలో వేసుకోండి. బస్సు ఎక్కాక మాత్రం బయటికి మోగించకండి, అక్కడ చెవి తీగే పద్ధతి!

చివరి ప్రశ్నలు
1. తాత పాడిన పాటకు, కుర్రవాడు విన్న పాటకు తేడా ఏమిటి? సులూర్ ఈ రెండింటిలో దేనికి దగ్గర? పది వాక్యాల్లో రాయండి.
2. మొదటి వాక్‌మన్‌లోని నారింజ రంగు మీట ఎందుకు ఉపయోగపడేది?
3. 89 డెసిబెల్ శబ్దాన్ని వారానికి ఎన్ని గంటలు వినవచ్చు?
4. మీ ఇంటి నుంచి అధ్యయన కేంద్రానికి వెళ్లే దారిని గీయండి. చెవి తప్పనిసరిగా తెరిచి ఉంచాల్సిన చోట్లకు గుర్తు పెట్టి, ఒక్కొక్క చోట ఏ శబ్దం కోసం వినాలో రాయండి. మీ ఊరి పెద్దవారిని అడిగి ఆ పటాన్ని సరిచూసుకోండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు
14.1: 1. పుట్టలోని పురుగులను పీల్చే చప్పుడు వల్ల. 2. తాత వినోదం కోసం కాక, తన రాకను అడవికి తెలపడం కోసం పాడాడని.
14.2: 1. శబ్దం ఏ దిక్కు నుంచి వస్తున్నదో గుర్తించడాన్ని. 2. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు. 5 సెకన్లలో 100 మీటర్లు.
చివరి ప్రశ్న 3: 80 నుంచి 89కి మూడుసార్లు 3 డెసిబెల్ పెరిగింది. 40, 20, 10, 5. కనుక 5 గంటలు.